మబ్బు రోజుల సవరణ

హాల్లో దీపాలు ఇంకా సగమే వెలుగుతున్నాయి. వేదిక మీది కంప్యూటర్ ముందు వంగి నిలబడి ఆమె ఆ రోజు మాట్లాడబోయే వాళ్ళ ఫైళ్ళు ఒక్కొక్కటీ తెరిచి చూసుకుంటోంది. ఒకాయన గీసిన పటంలో అంకెలు చీమతలకాయలంత ఉన్నాయి. వాటిని పెద్దవి చేసింది. ఇంకొకాయన ఎరుపూ ఆకుపచ్చా గీతలు పక్కపక్కనే గీశాడు. ఆ రెండు రంగులకూ తేడా తెలియని కళ్ళవాళ్ళు కూడా సభలో ఉంటారు కదా అని ఒకదాన్ని నీలంగా మార్చింది. మరొకాయన అసలు ఫైలే పంపలేదు. ఫోన్ చేసి నిద్రలేపితే, "మీరుండగా నాకేం దిగులండీ" అని ఆవలిస్తూ పంపించాడు. ఈ పనులన్నీ ఆమే చెయ్యాలని ఎక్కడా రాసిలేదు. ఆమె చెయ్యకపోతే ఎవరూ చెయ్యరన్నది మాత్రం అందరికీ తెలుసు.

అందరూ ఆమెను గంటమ్మ అంటారు. వాతావరణ శాస్త్రవేత్తల వార్షిక సభ ఎప్పుడు జరిగినా వేదిక పక్క బల్ల దగ్గర ఆమే కూర్చుంటుంది, ఎదురుగా చిన్న ఇత్తడి గంట పెట్టుకుని. మాట్లాడేవాళ్ళ గడువు ముగియగానే దాని నెత్తిమీద వేలితో ఒక్కటి వేస్తుంది. ఆ పేరు మొదట చాటున పుట్టింది, తర్వాత ఎదటికే వచ్చేసింది. కొన్నాళ్ళు బాధపడింది, ఆ తర్వాత అలవాటుపడింది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే రెండో పిలుపుకి గాని తలెత్తదు.

పొట్టిమనిషి. మెడ దగ్గర బిగించి కట్టిన జుట్టులో నలుపు వెతుక్కోవాలి. కళ్ళద్దాలు ముక్కు మీద ఒకచోట నిలవవు, మాటిమాటికీ చూపుడువేలితో పైకి తోసుకుంటుంది. బూడిదరంగు కోటు మోచేతుల దగ్గర పలచబడితే చెల్లెలు లోపలినుంచి గుడ్డ వేసి కుట్టింది. ఈమధ్య నాలుగు మెట్లెక్కితే చాలు, ఊపిరి పైపైనే ఆడుతోంది. గుండె నీరసపడిందనీ, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందనీ, వెంటనే ఆసుపత్రిలో చేరాలనీ డాక్టరు చెప్పాడు. "సభ అయ్యాక" అంది ఈవిడ. ఆయనకి కోపం వచ్చింది గాని, కోపం మందు కాదు కదా.

శాస్త్రవేత్తల లోకంలో సంఘసేవ అని ఒకటుంది. ఎవరో రాసిన వ్యాసం అచ్చుకి వెళ్ళేముందు ఇంకెవరో చదివి తప్పొప్పులు చెప్పాలి. చదివినవాళ్ళ పేరు ఎవరికీ తెలియనివ్వరు, కూలి ఇవ్వరు. తీరిక లేదని పెద్దవాళ్ళు తిప్పికొట్టిన వ్యాసాలన్నీ చివరికి ఈమె బల్లమీద వాలేవి. సొంత పరిశోధన మూల పడేసి, ఆ వ్యాసాలకి కాళ్ళూ చేతులూ అతికించి నిలబెట్టి పంపేది. అవి అచ్చయ్యాక ఆ రాసినవాళ్ళే టీ తాగుతూ, "ఎవడో దరిద్రుడు నా చేత అయిదుసార్లు తిరగరాయించాడు మేడమ్" అని ఆమె దగ్గరే వాపోయేవాళ్ళు. "అయ్యో పాపం" అని ఆ దరిద్రుణ్ణి ఆమె కూడా నాలుగు తిట్టేది. ఎవరికి ఉద్యోగం కావాలన్నా సిఫారసు ఉత్తరం ఆమే, ఎవరి బెలూన్ ఎగరనన్నా ఫోన్ ఆమెకే. పిలిస్తే పలికే మనిషి ఉంటే లోకానికి పిలవడమే పనైపోతుంది.

ఇంత చాకిరీలోనూ ఆమెకు మంచిపేరు తెచ్చింది ఒక్కటే, సవరణ పట్టిక. బెలూన్‌కి కట్టి పైకి వదిలే తేమ కొలిచే పరికరం ఎండకి వేడెక్కుతుంది. వేడెక్కితే గాలిలో ఉన్న తేమకన్నా తక్కువ చూపిస్తుంది. ఏ ఎత్తులో ఎంత తక్కువ చూపిస్తుందో, దానికి ఎంత కలుపుకోవాలో చెప్పే పట్టికను ఆమె వయసులో ఉండగా తయారుచేసింది. శాస్త్రవేత్తల సంఘం అడిగింది, చేసిపెట్టింది. సొంత పరికరాలు లేక పదిచోట్లనుంచి అరువు తెచ్చుకుంది. అరువు సొత్తు మబ్బుల్లోకి వదిలితే ఎక్కడ పడిందో దొరకదు, పోతే వాళ్ళకి ఏ మొహం చూపించాలి? అందుకని ఆకాశం నిర్మలంగా ఉన్న రోజులే చూసి వదిలింది. పొలాలూ గుట్టలూ పట్టుకు తిరిగి అన్నిటినీ వెతికి తెచ్చింది, తుడిచి ఎవరివి వాళ్ళకి అప్పజెప్పింది. ఒక్క పరికరం కూడా పోలేదని సంఘం ఎంతో మెచ్చుకుంది. తప్పు సరిగ్గా అక్కడే జరిగింది.

మబ్బు పట్టిన రోజు ఆ పరికరానికి ఎండ తగలదు. తగలని ఎండకి సవరణ కలిపితే, గాలిలో లేని తేమ కాగితం మీద పుట్టుకొస్తుంది. చిన్నపిల్లలకి చెప్పినా అర్థమయ్యే ఈ ముక్క ఆమెకు అప్పుడు తట్టలేదు. ఆ పట్టిక పట్టుకుని వ్యాసాలు రాసుకున్న వందలమందిలో ఒక్కరికీ తట్టలేదు. పట్టిక నమ్మకస్తురాలిది, అడిగేదేముంది? రెండేళ్ళ క్రితం తన జీతంలోంచి కొన్న పరికరాలని మబ్బులోకి వదిలి చూసుకున్న రోజున గాని ఆమెకు ఆ తప్పు బయటపడలేదు. కొత్త పట్టిక కట్టడానికి ఏడాది పట్టింది. కట్టి, సంఘం కార్యదర్శికి రాసింది. ఆయన మర్యాదస్తుడు. "ఉమ్మడి పట్టికలు మార్చాలంటే వార్షిక సభలో అందరి ఎదటా చెప్పి, ప్రశ్నలకి నిలబడాలి కదా మేడమ్. ఆ నియమం రాసింది మీరే" అని గుర్తుచేశాడు. నిజమే. ఎవరికి తోచినట్టు వాళ్ళు మార్చకుండా ఉండాలని ఆమే రాసింది.

ఆ నియమం కాక ఇంకో ఆనవాయితీ ఉంది. సభ నడిపే మనిషి తన ప్రసంగాన్ని అందరికన్నా ఆఖరున పెట్టుకోవాలి. ముందు మాట్లాడేవాళ్ళు గీత దాటి మింగిన నిమిషాలన్నీ ఆ ఆఖరి మనిషి వాటాలోంచే పోతాయి. పెళ్ళివారికి వడ్డించినవాడికి అడుగున మిగిలిందే భోజనం. నిరుడు ఆమెకు అడుగు కూడా మిగల్లేదు. తప్పు పట్టిక ఇంకో ఏడాది ఊరేగింది.

"ఈసారి కూడా నీ టైము ఎవరికైనా దానం చేశావో, నేను నీతో మాట్లాడను," అంది చెల్లెలు. పొద్దున మెట్లమీద అక్క మూడుచోట్ల ఆగితే మూడుచోట్లా అదే మాట అంది. చెల్లెలికి బట్టలు సరిచేసే దుకాణంలో పని. ఇద్దరికీ పెళ్ళి ఊసు లేదు, ఒకే ఇంట్లో ఒకరినొకరు సాధించుకుంటూ ముసలివాళ్ళయ్యారు. అక్క మాట్లాడుతుంటే ఒక్కసారైనా వినాలని ఆవిడ ఇవాళ సెలవు పెట్టుకుని వచ్చింది.

"చెయ్యనే. ఒట్టు."

"పోయినేడూ ఇదే ఒట్టు. మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా? డాక్టరు మంచం ఎక్కమంటే నువ్వేమో వేదిక ఎక్కుతానంటావు."

"ఇవాళ ఒక్కటే. సాయంత్రం నువ్వు ఎక్కడ పడుకోమంటే అక్కడ పడుకుంటా."

"తప్పు కొలత తీస్తే మేం కుట్లు విప్పి మళ్ళీ కుడతాం. దానికింత సభా?"

"ఆ కొలతతో ఊరందరూ కుట్టించేసుకున్నారే," అంది ఆమె, రెయిలింగు పట్టుకుని ఊపిరి కూడదీసుకుంటూ. "నాది తప్పని నా నోటితోనే చెప్పాలి. ఇంకెవరు చెప్పినా నమ్మరు."

ఆ మాట ఎంత నిజమో పొద్దుటి సభలోనే తేలిపోయింది. మూడో ప్రసంగం ఒక పరిశోధక విద్యార్థినిది. ఏదో చిన్న కళాశాలనుంచి వచ్చిన సన్నటి పిల్ల. మైకు ఎత్తు సరిచేసుకోవడం తెలియక మునివేళ్ళ మీద నిలబడి మాట్లాడింది. మబ్బు రోజుల్లో తను వదిలిన బెలూన్ల కొలతలు పట్టికతో కలవడం లేదని చెప్పింది. ముందువరసలోంచి ఎవరో, "పట్టికతో కలవలేదంటే నీ పరికరం ఒకసారి చూసుకో అమ్మా" అన్నారు. హాలు నవ్వింది. ఆ పిల్ల తడబడి జవాబు చెప్పుకుంటూ పోయింది, ఉన్న గడువంతా దానికే ఖర్చయింది. ఇంకా ఒక్క పటం మిగిలింది. రెండు రకాల పరికరాల్ని ఒకే బెలూన్‌కి కట్టి వదిలి, తన కొలత సరైనదేనని రుజువు చేసుకున్న పటం అది. పొద్దున ఫైలు తెరిచినప్పుడే గంటమ్మ దాన్ని చూసింది. చూసి, బంగారుతల్లీ అనుకుంది.

అయినా గంట కొట్టింది.

"మేడమ్, ఒక్కటే పటం..."

"గడువైపోయిందమ్మా. అందరికీ ఒకటే గడువు."

నియమం నియమమే. పైగా ఆమె మనసులో ఒక లెక్క ఉంది. మధ్యాహ్నం తన ప్రసంగంలో ఆ పటం తనే చూపిస్తుంది. ఈ పిల్ల చెప్పింది నిజం, తప్పు నాది అని పదిమందిలో అంటుంది. ఆ మాట ఈ పిల్ల నోటికన్నా తన నోటివెంట వస్తే బరువుగా ఉంటుంది. మంచి లెక్కే. కాని మనసులో వేసుకున్న లెక్క ఎదుటివాళ్ళకి ఎలా తెలుస్తుంది? ఆ పిల్ల వేదిక దిగి కుర్చీ దగ్గరికి కూడా పోకుండా తిన్నగా తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయింది.

భోజనాల వేళ వరండాలో కనిపించింది. గంటమ్మ గబగబా అటు నడవబోతే మధ్యలో ఒకాయన అడ్డం తగిలి సిఫారసు ఉత్తరం ఎంతవరకు వచ్చిందని అడిగాడు. ఆయనకి జవాబు చెప్పి చేరేసరికి ఆమెకు ఆయాసం తన్నుకొచ్చింది. ఆ పిల్లే మాట్లాడింది.

"మీ పట్టిక కాబట్టే కదా మేడమ్, నన్ను ఆపేశారు?"

గంటమ్మ గోడకి చెయ్యానించి తల అడ్డంగా తిప్పింది. "సాయంత్రం దాకా ఉండమ్మా," అంది ఎలాగో. "ఆఖరి ప్రసంగం నాది. అది విని వెళ్ళు."

"నాకు రైలుంది."

"తర్వాతి రైలుకి వెళ్ళు. నా మాట విను."

ఆ పిల్ల కళ్ళల్లో అసహ్యం దాచుకోవాలన్న మర్యాద కూడా లేదు. అయినా పెద్దావిడ అంత ఆయాసపడుతూ అడిగిందని ఉండిపోయింది. ఉండకపోయినా బాగుండేది.

మధ్యాహ్నం సభలో ఆఖరికి ముందు ప్రసంగం పెద్దాయనది. ఆయన్ని అందరూ పెద్దాయన అనే అంటారు. నిలువెత్తు మనిషి, తెల్లని గిరజాల జుట్టు, మైకు అక్కర్లేని గొంతు. పైగాలిలో అందరూ అనుకున్నదానికన్నా చెమ్మ చాలా ఎక్కువన్నది ఆయన జీవితకాలపు సిద్ధాంతం. దాని మీదే ఆయనకి బిరుదులు, దాని మీదే ఇద్దరు ముగ్గురు శిష్యులకి ఉద్యోగాలు. ఆ అదనపు చెమ్మలో ముప్పాతిక మువ్వీసం తన పట్టిక పుట్టించిందేనని ఈ హాల్లో ఒక్క గంటమ్మకే తెలుసు. ముప్పై ఏళ్ళ క్రితం ఆమెకు మొదటి ఉద్యోగం ఇస్తూ సంతకం పెట్టింది కూడా ఆయనే.

గడువున్న పదిహేను నిమిషాలూ అయిపోయాయి. పెద్దాయన ఇంకా ముందుమాటలోనే ఉన్నాడు. గంటమ్మ వేలు గంట మీదకి వెళ్ళింది, ఆగింది. ఆమె వెనక్కి చూసింది. ఆఖరి వరసలో చెల్లెలు మెడ చాచి చూస్తోంది. ఆమె కళ్ళు మూసుకుని గంట మీద మెల్లిగా, ఎవరినో నిద్రలేపడానికి భయపడుతున్నట్టు ఒక్కటి వేసింది.

పెద్దాయన మాట ఆపి, కనుబొమలెత్తి, నవ్వాడు. "ఏమ్మా గంటమ్మా, నీ గంట నాక్కూడానా?"

హాలంతా ఘొల్లుమంది. ఆమె కూడా నవ్వింది. వేలు వెనక్కి తీసేసుకుంది. పొద్దున సన్నపిల్ల ముందు ఉక్కులా నిలబడ్డ నియమం ఇప్పుడు వెన్నలా కరిగిపోయింది. బక్కవాడి ముందు పులి, బలిసినవాడి ముందు పిల్లి అన్నట్టు కాదు, ఆమెకు పులి వేషమూ తెలియదు, పిల్లి వేషమూ తెలియదు. పెద్దవాళ్ళని ఆపాలంటే చెయ్యి రాదు, అంతే. ఆ చెయ్యి రాకపోవడంలోనే ఒక జన్మ గడిచిపోయింది.

పెద్దాయన ఆమె ప్రసంగం మొదలవ్వాల్సిన వేళ దాకా మాట్లాడాడు, ఆ తర్వాత ప్రశ్నలు తీసుకున్నాడు. ఒక్కో ప్రశ్నకీ తన చిన్ననాటినుంచి జవాబు మొదలుపెట్టాడు. తలుపు దగ్గర కార్యదర్శి మణికట్టు చూపిస్తున్నాడు. టీ తయారుగా ఉంది, టీ అవగానే ముగింపు సభ. హాల్లో అప్పుడే కుర్చీలు కదులుతున్న చప్పుడు.

"అక్కా! నీ టైము!" ఆఖరి వరసలోంచి కేక.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. చెల్లెలు నిలబడి ఉంది, చేతిసంచీ గుండెలకి అదుముకుని, సిగ్గుతోనో కోపంతోనో మొహం కందిపోయి. గంటమ్మ లేచింది. బల్ల అంచు రెండు చేతులతోనూ పట్టుకుంది. పెదాలు తడుపుకుంది.

"పట్టిక గురించి... ఒక ముఖ్యమైన మాట చెప్పాలి."

"పట్టిక గురించి చెప్పడానికేముందమ్మా!" అన్నాడు పెద్దాయన, ఇంకా మైకు దగ్గరే ఉండి. "మేమంతా దాని చలవనే కదా బతుకుతున్నాం!" అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన ఆప్యాయంగా గొంతు తగ్గించాడు. "నువ్వు మన ఇంటిమనిషివి. నువ్వెప్పుడు చెప్పినా వింటాం. పాపం వీళ్ళందరికీ టీ చల్లారిపోతోంది, చూడు."

అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో అని సామెత. ఆకు కూడా వెయ్యకుండా చెయ్యి కడుక్కోమనడం మాత్రం శాస్త్రజ్ఞులకే చెల్లింది. గంటమ్మ నోరు తెరిచింది. 'పట్టిక తప్పు' అన్న రెండే రెండు మాటలు. గొంతుదాకా వచ్చాయి. వాటిని బయటికి నెట్టేంత ఊపిరి లేదు. ఉన్న కాస్త ఊపిరితో, ఏళ్ళ తరబడి అలవాటైన వేరే మాట జారిపోయింది.

"నా ప్రసంగం... విరమించుకుంటున్నాను."

ఆ రోజు ఏ ప్రసంగానికీ రానన్ని చప్పట్లు దానికి వచ్చాయి.

జనం టీ కోసం వరండాలోకి ఒరుసుకుంటూ పోయారు. ఆమె కూర్చుంది. ఫరవాలేదు, ముగింపు సభలో సంఘం అధ్యక్షుణ్ణి రెండు నిమిషాలు అడుగుతాను, ఆయన కాదనడు, ఈలోగా ఊపిరి అందనీ, అనుకుంది. మోచెయ్యి బల్లమీద ఆనించి చెంపకి అరచెయ్యి పెట్టుకుంది. సభల్లో ఎంత నీరసపు ప్రసంగమైనా ఆమె అలాగే కూర్చుని వింటుంది కాబట్టి, పక్కనుంచి వెళ్ళినవాళ్ళెవరూ మళ్ళీ చూడలేదు. ఒకతను మాత్రం ఆగి, తన ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తారా అని అడిగాడు. పలక్కపోతే విసుక్కుని తనే వేసుకుని పోయాడు.

చెల్లెలు రెండు కప్పులతో వచ్చింది. ఒకటి అక్క ముందు ఠక్కున పెట్టింది, టీ బల్లమీద చిందింది.

"తాగు. అందరికీ చల్లారిపోతోందట కదా, నీదైనా వేడిగా తాగు," అని మొదలుపెట్టింది. "నీకోసం నేను సెలవు పెట్టుకు రావాలా? జీతం కోయించుకు రావాలా? ఆ ముసలాయన ఇంటిమనిషి అనగానే కరిగిపోయావు. ఇంటిమనిషట! ఏ ఇంటికి? నీకు జ్వరమొస్తే ఒక్కడు వచ్చాడా మనింటికి? మాట్లాడవేం? పొద్దున ఆ పిల్లని ఆపావు, నేను చూడలేదనుకున్నావా? ఏడుస్తూ పోయింది. దాన్ని ఆపిన చేతికి వీణ్ణి ఆపడానికేం రోగమొచ్చింది? మొహమాటానికి పోతే కడుపైందట ఎవరికో. అలా ఉంది నీ కథ. సరే, కిందటేడూ పోయింది, ఈ ఏడూ పోయింది. మళ్ళీ ఏడు నేను రాను, ముందే చెప్తున్నా. పద, ఆసుపత్రికి పద. సాయంత్రం ఎక్కడ పడుకోమంటే అక్కడ పడుకుంటానన్నావు కదా. లే. అక్కా, నిన్నే. కోపమొచ్చిందా? సర్లే, ఇంక అనను. టీ తాగు."

భుజం మీద చెయ్యి వేసింది. అరచేతిలోంచి చెంప జారింది. కళ్ళద్దాలు టీ మరకలో పడ్డాయి.

ఆ తర్వాత అన్నీ మర్యాదగానే జరిగాయి. ఎవరో పరిగెత్తారు, ఎవరో ఛాతీ మీద నొక్కారు, అంబులెన్సు త్వరగానే వచ్చింది. వచ్చినవాళ్ళు నాడి చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, పద్ధతి ప్రకారం స్ట్రెచర్ మీదకి ఎత్తారు. మెట్ల దగ్గర చెల్లెలు వెనక్కి తిరిగి కార్యదర్శి చెయ్యి పట్టుకుంది.

"పట్టిక తప్పని చెప్పడానికి వచ్చిందండీ. చెప్పకుండానే పోయింది. మీరైనా చెప్పండి. మీకు రాసిందట కదా."

"తప్పకుండా అమ్మా. మీరు ధైర్యంగా ఉండండి," అన్నాడు కార్యదర్శి. ఆయన కళ్ళు నిజంగానే చెమర్చాయి.

ముగింపు సభ కాస్త ఆలస్యంగా మొదలైంది. అందరూ లేచి నిలబడి మౌనం పాటించారు. తర్వాత పెద్దాయన మైకు ముందుకొచ్చాడు. ఈసారి గడువు గురించి దిగులు లేదు. తను ఉద్యోగమిచ్చిన నాటి అమ్మాయి గురించి చెప్పాడు. ఆఖరి క్షణంలో కూడా తన వాటా మనకి వదిలిపెట్టి వెళ్ళిన త్యాగమూర్తి అన్నాడు. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు.

"ఆమె మనకి ఇచ్చిన ఆస్తి ఆ పట్టిక. పోయేముందు ఆఖరుమాటగా కూడా దాని పేరే ఎత్తింది, మీరంతా విన్నారు. ఇకనుంచి దాన్ని ఆమె పేరుతోనే పిలుద్దాం. అందులో ఒక్క అంకె మార్చకుండా ముందుతరాలకి అందిద్దాం. అదే మనం ఆమెకిచ్చే నివాళి."

కార్యదర్శి జేబులోని ఫోనులో ఆమె ఏడాది క్రితం రాసిన ఉత్తరం ఉంది. కొత్త పట్టిక కూడా దానికి జతచేసే ఉంది. ఆయన చెయ్యి జేబుదాకా వెళ్ళింది. పోయిన మనిషి తప్పుని, పోయిన పూటే, ఇంతమంది కంటతడి మీద ఎత్తిచూపడం ఏం సంస్కారం అనిపించింది. మంచి సమయం చూసి చెప్పొచ్చులే అనుకున్నాడు. అలాంటి మాటలకి మంచి సమయం ఎన్నడూ రాదని ఆయనకీ తెలుసు, ఆ తెలిసిన సంగతిని మెల్లిగా పక్కకి పెట్టేశాడు. తీర్మానాన్ని తనే చదివి వినిపించాడు. సభ ఏకగ్రీవంగా ఆమోదించింది.

ఆఖరి ప్రసంగం విని వెళ్ళమన్నారని ఆగిపోయిన సన్నపిల్ల తలుపు పక్క కుర్చీలో ఉంది. తను కొలిచింది తప్పని ఒక మనిషి అంటే ఎదిరించొచ్చు. చచ్చిపోయిన మనిషి పేరు పెట్టిన పట్టికని ఎలా ఎదిరిస్తారు? అందరూ లేచి చప్పట్లు కొడుతుంటే కూర్చుని ఉండడం బాగోదని ఆమె కూడా లేచింది. రైలు పెట్టెలో కూర్చున్నాక ఒళ్ళో కంప్యూటర్ తెరిచి, తను చూపించలేకపోయిన ఆ ఒక్క పటాన్నీ తీసి పారేసింది. పరికరం సరిగ్గా పనిచెయ్యలేదని గురువుగారికి రాసింది. మబ్బు రోజుల్లో బెలూన్లు వదలడం ఇంక మానేస్తానని కూడా రాసింది.

హాలు పనివాళ్ళు సాయంత్రానికి లోపలికి వచ్చారు. మర్నాడు అక్కడ సిమెంటు డీలర్ల సమావేశం. కుర్చీలు తిరిగి సర్దారు. కంప్యూటర్లో పొద్దుటి ఫైళ్ళన్నీ తుడిచేశారు. వేదిక పక్క బల్లమీది టీ మరక గుడ్డని లాగేసి, నేలదాకా జీరాడే తెల్లగుడ్డ కొత్తది పరిచారు. గంటమ్మ ఉదయంనుంచీ ఆ బల్లచాటున ఎలా కూర్చుందో చూసినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి, వంగి కిందికి తొంగిచూడాలని ఎవరికీ తోచలేదు. తెల్లగుడ్డ వెనక, లేసులు పూర్తిగా లాగేసినా వాచిన పాదాలకి చోటు చాలక ఆమె విప్పేసిన నల్ల బూట్లు రెండూ, మడమలు దగ్గరగా జరిపి, మైకు ఉన్న వైపుకి తిరిగి ఉన్నాయి.